ఫిజీ తెలుగువాళ్లు: మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు

ఫిజీలోని లౌటోకాలో నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చాను. అప్పటి నుంచి పెళ్లిళ్లలో చుట్టాలు, ఆఫీసులో స్నేహితులు, ఎవరో నంబరు ఇస్తే ఫోన్ చేసేవాళ్లు అందరూ ఇంచుమించు ఇవే అడుగుతున్నారు. ప్రతిసారీ సగం చెప్పి సగం వదిలేస్తున్నానని, అన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకి జవాబు కావాలంటే అది మాత్రమే చదువుకోవచ్చు. నా సొంత అభిప్రాయం ఉన్నచోట అది నా అభిప్రాయమనే చెప్పాను.

## ఓడ ఎక్కక ముందు

ఫిజీలో నిజంగా తెలుగువాళ్లు ఉన్నారా? అంత దూరం ఎలా వెళ్లారు?

ఉన్నారు, 120 ఏళ్లుగా ఉన్నారు. ఫిజీ పసిఫిక్ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న దీవుల దేశం. మన తీరం నుంచి సుమారు 11 వేల కిలోమీటర్లు. 1874లో అది బ్రిటిష్ వలస రాజ్యం అయింది. అక్కడి చెరకు తోటల్లో పనికి 1879 నుంచి 1916 దాకా ఇండియా నుంచి 60 వేల మందికి పైగా కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే బయలుదేరేవి. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా పంపడం మొదలుపెట్టారు. మద్రాసులో ఎక్కినవాళ్లు 15 వేల పైచిలుకు. వాళ్లలో తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు ఉన్నారు. తెలుగువాళ్లు ఎక్కువగా విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వెళ్లారు.

ఇండియా నుంచి ఎందుకు తీసుకెళ్లారు? అక్కడ పనిచేసేవాళ్లే లేరా?

ఉన్నారు. కానీ 1875లో తట్టు వ్యాధి వచ్చి ఫిజీ దీవుల్లో సుమారు 40 వేల మంది చనిపోయారు. ఆ వ్యాధి అంతకుముందు ఆ దీవుల్లో లేదు, దాన్ని తట్టుకునే శక్తి వాళ్ల ఒంట్లో లేదు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అదే ఏడాది మొదటి గవర్నరుగా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డాన్, స్థానికులను తోటల పనికి లాగితే వాళ్ల ఊళ్లు, భూములు, కట్టుబాట్లు మిగలవని నమ్మాడు. ఆయన అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్‌లలో గవర్నరుగా చేశాడు. అక్కడ భారతీయ కూలీలతో తోటలు నడవడం చూశాడు. ఇక్కడా అదే పద్ధతి పెట్టాడు. స్థానికుల భూమి వాళ్ల చేతుల్లో మిగిలిందంటే ఆ నిర్ణయం వల్లనే. దాని బరువు మోసింది మాత్రం మనవాళ్లు. ఈ రెండూ నిజమే, ఒకటి చెప్పి ఇంకొకటి దాచకూడదు.

మద్రాసు నుంచి పంపడం అంత ఆలస్యంగా, 1903లో ఎందుకు మొదలైంది?

కలకత్తాలో మనుషులు సరిపడా దొరకలేదు. ఇతర వలస రాజ్యాలు కూడా అక్కడే కూలీలను వెతుకుతున్నాయి. ఫిజీలో మాత్రం చెరకు పెరుగుతూ పోయింది. లౌటోకాలో పెద్ద మిల్లు తెరిచింది కూడా 1903లోనే.

తెలిసే వెళ్లారా, మోసపోయి వెళ్లారా?

రెండు రకాల వాళ్లూ ఉన్నారు. కరువు, అప్పు, ఇంట్లో గొడవ, వైధవ్యం ఇలా ఒక్కొక్కరిది ఒక్కో కారణం. ఉత్తరాంధ్రలో అప్పటికే జనం బర్మాకు, మనవాళ్ల మాటలో 'రంగం', పనికి వెళ్లి వస్తుండేవారు. సముద్రం దాటడం కొత్త కాదు. కానీ రంగం వెళ్లినవాడు పంటల కాలానికో, రెండేళ్లకో తిరిగి వచ్చేవాడు. ఫిజీ అలా కాదని, ఐదేళ్లు కదలడానికి వీల్లేదని, అది ఎంత దూరమో కూడా మనుషులను పోగుచేసే మేస్త్రి విడమరిచి చెప్పే అవసరం లేకపోయింది. రోజుకి పన్నెండు అణాలు అన్నమాట ఒక్కటి చాలు. మద్రాసులో ఆవిరి ఓడ ఎక్కితే ఇంచుమించు నెల ప్రయాణం.

మారిషస్ తెలుగువాళ్లు, వీళ్లు ఒకటేనా?

కాదు. మారిషస్ హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడికి మనవాళ్లు 1830ల నుంచే వెళ్లారు. చాలామంది కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లడం వల్ల వాళ్లకి అక్కడ ఆ రేవు పేరే స్థిరపడింది. ఫిజీ వలస దాదాపు 70 ఏళ్ల తర్వాతిది, మద్రాసు రేవు నుంచి.

## గిర్మిట్ ఐదేళ్లు

గిర్మిట్ అంటే ఏమిటి? ఏ భాష మాట?

ఇంగ్లీషులో అగ్రిమెంట్. కూలీల నోట్లో పడి గిర్మిట్ అయింది. ఆ ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లినవాళ్లు గిర్మిటియాలు. ఐదేళ్లు ఒకే యజమాని దగ్గర పనిచేయాలి. ఐదేళ్ల తర్వాత సొంత ఖర్చుతో ఇంటికి రావచ్చు, ఇంకో ఐదేళ్లు అక్కడే ఉంటే తిరుగు ఓడ ఉచితం. ఫిజీలో ఈ మాటను ఇప్పటికీ మెల్లగా, గౌరవంగా పలుకుతారు. మన ఇళ్లలో పోయిన పెద్దల పేరు ఎత్తినప్పుడు గొంతు ఎలా మారుతుందో అలా.

రోజుకి పన్నెండు అణాలంటే ఆ రోజుల్లో మంచి కూలే కదా?

కాగితం మీద మంచిదే. మగవాళ్లకి రోజుకి ఒక షిల్లింగు, అంటే సుమారు 12 అణాలు. ఆడవాళ్లకి 9 పెన్నీలు, అంటే 9 అణాలు. మన ఊళ్లో కూలితో పోలిస్తే చాలా ఎక్కువ. కిటుకంతా 'టాస్క్' అన్న మాటలో ఉంది. ఒక మనిషి రోజులో ఎంత గొప్పు తవ్వాలో, ఎంత చెరకు నరకాలో ఓవర్సీరు కొలిచి ఇచ్చేవాడు. అది పూర్తయితేనే పూర్తి కూలి. జ్వరం వచ్చినా, నేల గట్టిగా ఉన్నా, కొలత ఎక్కువ వేసినా కూలి కోతే. పనికి రాకపోతే కోర్టుకు లాగేవారు, జరిమానా లేదా జైలు. పైగా ఫిజీలో సరుకుల ధరలు మన ఊరి ధరలు కావు. పన్నెండు అణాల లెక్క వేసుకుని వెళ్లినవాళ్లలో మొదటి ఏడాది ఆ డబ్బు పూర్తిగా కళ్లచూసినవాళ్లు తక్కువ.

ఎక్కడ ఉండేవారు? ఇళ్లు ఇచ్చేవారా?

'లైన్లు' అనే పొడవాటి కొట్టాలు. ఒక్కో గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్లు, లేదా భార్యాభర్తలు పిల్లలతో. గదుల మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు, పైన ఇనుప వల. పక్క గదిలో దగ్గినా, ఏడ్చినా, పొయ్యి వెలిగించినా అన్నీ ఇక్కడికే. నేను మా బెడ్‌రూమ్‌లో టేపు పెట్టి 10, 7 కొలిచి చూశాను. మంచం, బీరువా పడ్డాక నిలబడే చోటు లేదు.

ఆడవాళ్లు కూడా పొలంలో పనిచేశారా?

చేశారు. ప్రతి 100 మంది మగవాళ్లకి 40 మంది ఆడవాళ్లు ఉండాలన్నది నిబంధన. వాళ్లు కూడా గిర్మిట్ మీదే వెళ్లారు. తెల్లవారకముందే లేచి వండటం, పసిబిడ్డను పొలం గట్టున పడుకోబెట్టి పనిచేయడం, సాయంత్రం మళ్లీ పొయ్యి. ఓవర్సీర్ల, వాళ్ల కింద కూలీలను నడిపించే సర్దార్ల వేధింపు దీనికి అదనం. కుంతి అనే ఆమె మీద ఓవర్సీరు చేయి వేయబోతే ఆమె తప్పించుకుని నదిలో దూకింది, బతికింది. ఆ వార్త ఇండియా పత్రికల్లో వచ్చాక ఇక్కడ జనం కోపం వేరే స్థాయికి వెళ్లింది. గిర్మిట్‌ను ఆపిన కారణాల్లో ఈ ఆడవాళ్ల కష్టం మొదటి వరసలో ఉంటుంది.

మనవాళ్లకి ఉత్తరాది వాళ్లకంటే కష్టం ఎక్కువ అయిందంటారు, నిజమేనా?

నిజమే. 1903 నాటికి తోటల్లో సర్దార్లు, పాత కూలీలు అందరూ హిందుస్తానీ మాట్లాడేవాళ్లే. తెలుగు తప్ప ఇంకోటి రానివాడికి ఆజ్ఞ అర్థమయ్యేది కాదు, ఫిర్యాదు చెప్పుకోవడం అంతకన్నా రాదు. అన్నం తినేవాళ్లకి రేషన్‌లో గోధుమ పిండి. అందరినీ కలిపి 'మద్రాసీ' అనేవారు, ఎగతాళిగా. ఆ తోటల్లో ఆత్మహత్యలు ఎక్కువగా జరిగాయి. చనిపోయినవాళ్లలో దక్షిణాది వాళ్లు తమ సంఖ్యకు మించి ఉన్నారు. మాట కలిపే మనిషి లేకపోవడం ఎంత పెద్ద శిక్షో దీన్నిబట్టి తెలుస్తుంది.

దీన్ని బానిసత్వం అనొచ్చా?

చట్టం ప్రకారం కాదు. గడువు ఉంది, కూలి ఉంది, బిడ్డలు యజమాని సొత్తు కాదు. కానీ పని మానేస్తే జైలుకు పంపే ఒప్పందాన్ని ఉద్యోగం అనడానికి నాకు నోరు రాదు. గిర్మిటియాలే దానికి పేరు పెట్టుకున్నారు: నరకం. ఆ మాట వాడితే చాలు.

గిర్మిట్ ఎప్పుడు, ఎలా ఆగింది?

ఒక్క మనిషి వల్ల ఆగలేదు. 1912లో గోఖలే ఇక్కడి శాసనసభలో తీర్మానం పెట్టారు, ఓడిపోయింది. ఫిజీలో గిర్మిట్ చేసి వచ్చిన తోతారాం సనాధ్య తన అనుభవాలను హిందీలో ప్రచురించారు. 1915లో గాంధీ స్నేహితులు సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ వెళ్లి చూసి వచ్చి నివేదిక ఇచ్చారు. 1916లో మదన్ మోహన్ మాలవీయ తీర్మానాన్ని వైస్రాయి ఒప్పుకోక తప్పలేదు. అదే ఏడాది నవంబరులో 'సట్లెజ్' అనే చివరి ఓడ ఫిజీ చేరింది. అప్పటికే అక్కడున్న వాళ్ల ఒప్పందాలన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి.

## సొంత కాపురం, కౌలు పొలం

ఐదేళ్లయ్యాక తిరిగి ఎందుకు రాలేదు?

చాలామంది వచ్చారు, మొత్తం మీద సుమారు 24 వేల మంది. రానివాళ్ల కారణాలు మనకు తెలిసినవే. సొంత ఖర్చుతో రావడానికి డబ్బు లేదు, ఉచిత ఓడ కావాలంటే పదేళ్లు ఆగాలి. ఈలోపు పెళ్లి, పిల్లలు. సముద్రం దాటి, కులం కానివాళ్లతో ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నవాణ్ణి ఊరు రానిస్తుందా అన్న భయం. ఒక ముసలాయన తన తాత గురించి నాకు ఇలా చెప్పాడు: "ఆయన మద్రాసు దాకా వెళ్లి వచ్చేశాడు. ఊరికి వెళ్లలేదు." ఎందుకని అడిగితే ఆయనకీ తెలియదు.

వాళ్లు సాగుచేసే చెరకు పొలం సొంతమేనా?

ఎక్కువ భాగం కాదు, కౌలు. ఫిజీలో నూటికి 85 ఎకరాలకు పైగా స్థానిక ఫిజియన్ వంశాల ఉమ్మడి భూమి. ఒక వంశం వాళ్ల సమూహాన్ని 'మతంగలి' అంటారు. ఆ భూమిని అమ్మడానికి వీల్లేదు, కౌలుకి మాత్రమే ఇస్తారు. 1940లో ఫిజియన్ పెద్ద రాతూ సుకునా చొరవతో ఏర్పడిన భూమి ట్రస్టు బోర్డు ఆ కౌళ్లను చూస్తుంది. 1920ల్లో చెరకు కంపెనీ తన పెద్ద తోటలను పదేసి ఎకరాలుగా విడగొట్టి భారతీయ రైతులకు ఇచ్చింది. 1976 చట్టంతో కౌలు గడువు 30 ఏళ్లయింది. 1997 నుంచి ఆ గడువులు తీరడం మొదలైంది. రెన్యువల్ కాని కుటుంబాలు రెండు మూడు తరాలుగా దున్నిన పొలాన్ని, కట్టుకున్న ఇంటిని, నాటిన మామిడి చెట్టును వదిలి పట్నాలకు వచ్చాయి. భూమి ఇచ్చినవాళ్ల హక్కు న్యాయమే. లేచి వెళ్లినవాళ్ల కన్నీళ్లూ న్యాయమే.

కూలీలుగానే ఉండిపోయారా, పోరాటాలు ఏమీ చేయలేదా?

చేశారు. 1920లో రాజధాని సువాలో, 1921లో పడమటి జిల్లాల్లో సమ్మెలు జరిగాయి. 1937లో కిసాన్ సంఘ్ అనే రైతు సంఘం వచ్చింది. 1941లో దక్షిణాది రైతుల అండతో మహా సంఘ్ వచ్చింది. 1943లో, 1960లో చెరకు నరకకుండా ఆపేశారు. ఎదురుగా ఉన్నది చిన్న కంపెనీ కాదు. ఆస్ట్రేలియాకు చెందిన సి.ఎస్.ఆర్. 1880ల నుంచి ఫిజీ చక్కెరను శాసించింది. 1970లో బ్రిటిష్ న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ చక్కెర రాబడిలో 65 శాతం రైతులకు ఇవ్వాలని తీర్పు చెప్పాక, ఇక లాభం లేదని 1973లో ఆ కంపెనీ వెళ్లిపోయింది. మిల్లులు ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చాయి.

చెరకు కోత ఎలా జరుగుతుంది? ఇప్పటికీ చేతులతోనేనా?

యంత్రాలు వచ్చాయి గానీ కొండవాలు పొలాల్లో కత్తే. జూన్ నుంచి సంవత్సరం చివరి దాకా సీజన్. రైతులంతా గ్యాంగులుగా ఏర్పడి ఒకరి పొలం తర్వాత ఒకరిది కోస్తారు. గ్యాంగుకి పెద్దను రైతులే ఎన్నుకుంటారు. ఆ పెద్ద పేరు 'సర్దార్'. గిర్మిట్ రోజుల్లో కొరడా పట్టుకున్నవాడి పేరు ఇప్పుడు ఓటేసి పెట్టుకునే పదవి అయింది. నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

బా అనే ఊరి దగ్గర ఒక పొలంలో ఒక పొద్దంతా ఉన్నాను. కోసేవాళ్లు సూర్యుడు ఎక్కక ముందే మొదలుపెట్టారు. నడుము వంచి గడను నేలకు ఆనుకుని నరకాలి. పైన నరికితే తీపి ఉన్న భాగం మట్టిలోనే మిగిలిపోతుంది. ఒక చేత్తో గడ పట్టుకుని, ఒక్క దెబ్బకి అడుగున, ఇంకో దెబ్బకి చివర ఆకు కొట్టేసి వరసలో పడేస్తారు. కాల్చిన చెరకైతే మసి మెడ దాకా. కోసేవాళ్లలో సగం మంది స్థానిక ఫిజియన్ కుర్రాళ్లు. పది గంటలకి రైతు భార్య చాయ్, రొట్టె తెచ్చింది. అందరూ ఒకే గోనెపట్టా మీద కూర్చుని తిన్నారు. ఫిజియన్ కుర్రాడు హిందీలో జోకు వేస్తే, రైతు ఫిజియన్ భాషలో తిరిగి అన్నాడు. నాకు రెండూ అర్థం కాలేదు, అందరితో పాటు నవ్వాను.

ఇప్పటికీ అందరూ చెరకే పండిస్తున్నారా?

లేదు. 2016లో విన్‌స్టన్ తుఫాను తర్వాత రాకిరాకి దగ్గరి పెనాంగ్ మిల్లు మూతపడింది. 2017లో యూరప్ మార్కెట్‌లో ఉన్న రాయితీ పోయింది. పిల్లలు పొలానికి రావడం లేదు. టీచర్లు, నర్సులు, అకౌంటెంట్లు, లాయర్లు, హోటళ్లలో ఉద్యోగాలు, లేదంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. దేశానికి ఇప్పుడు పెద్ద ఆదాయం టూరిజం.

## గుడి, బడి, భాష

సంగం, ఆంధ్ర సంగం ఒకటేనా?

వేర్వేరు. 1926లో నాంది పట్నంలో సాధు కుప్పుస్వామి దక్షిణాది వాళ్లందరి కోసం 'తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం' పెట్టారు. అందరూ 'సంగం' అనే అంటారు. బడులు, గుళ్లు, లబాసాలో నర్సింగ్ కాలేజీ నడుపుతోంది. ఈస్టర్ సెలవుల్లో దాని వార్షిక సభ, ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. సంగంలో తమిళానిదే పైచేయి అవుతోందని తెలుగువాళ్లు 1941లో 'దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం' పెట్టుకున్నారు. దానికి సొంత బడులు ఉన్నాయి, బాలో కాలేజీ ఉంది. ఒక్కసారి ఊహించండి: ఆంధ్ర రాష్ట్రం 1953లో వచ్చింది. అంతకు పన్నెండేళ్ల ముందే పసిఫిక్ మధ్యలో చెరకు రైతులు తమ బడికి ఆంధ్ర అని పేరు పెట్టుకున్నారు.

మరి తెలుగు ఎందుకు మర్చిపోయారు?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు మనవాళ్ల గొంతులో కొంచెం నింద వినిపిస్తుంది. అది తీసేసి వినండి. లైన్లలో తెలుగు మాట్లాడేవాళ్లు పది మందిలో ఒకరో ఇద్దరో. సర్దారుతో, కొట్టువాడితో, పక్కింటి పిల్లలతో మాట్లాడాలంటే హిందుస్తానీ కావాలి. భోజ్‌పురి, అవధి, ఇంగ్లీషు, ఫిజియన్ మాటలు కలిసి 'ఫిజీ బాత్' అనే కొత్త భాష పుట్టింది. ఓవర్సీరును అందులో 'కులంబర్' అంటారు, పొద్దున్నే హాజరుకి అరిచే 'కాల్ నంబర్' నుంచి వచ్చిన మాట. మన ముత్తాతలు ఆ భాషను తయారుచేసినవాళ్లలో ఉన్నారు. ఇప్పుడు ఇళ్లలో మాట్లాడేది అదే. తెలుగు వచ్చినవాళ్లు ముసలివాళ్లలో కొందరు మాత్రమే.

ఒక శనివారం సాయంత్రం ఒక ఇంట్లో భజనకి పిలిచారు. ఇంటాయనకి డెబ్బై దాటి ఉంటాయి. గూట్లోంచి పాత నోట్‌బుక్ తీశాడు. మూలలు నలిగిపోయాయి, అట్ట మీద పసుపు మరకలు. లోపల తెలుగు భజనలు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. వాళ్ల నాన్న నోటితో చెబుతుంటే ఆయన చిన్నప్పుడు రాసుకున్నవట. 'రామా నన్ను బ్రోవవే' అన్న చోట 'బ్రోవవే' అంటే ఏమిటో ఆయనకి తెలియదు. నేను కాపాడమని చెప్పాను. ఆయన పెన్ను తెచ్చి పక్కన రాసుకున్నాడు. ఆ పాట అర్థం తెలియకుండా అరవై ఏళ్లు పాడాడు, ఒక్క వారం మానకుండా. తెలుగు వచ్చిన మా ఇంట్లో భజన లేదు. ఎవరు ఏం మర్చిపోయారో నేను తేల్చి చెప్పలేను.

వాళ్ల ఇంటిపేర్లు విచిత్రంగా ఉంటాయి, ఎందుకు?

ప్రతి కూలీకి ఇచ్చిన ఎమిగ్రేషన్ పాస్ మీద కూలీ పేరు ఒకటే మాట, కింద తండ్రి పేరు. మన ఇంటిపేరుకి అక్కడ గడి లేదు. ఫిజీలో పుట్టిన పిల్లలకి తాత పేరే ఇంటిపేరు అయింది. అందుకే అప్పన్న, అప్పలస్వామి లాంటివి అక్కడ ఇంటిపేర్లు. అవి కనిపిస్తే సింహాచలం అప్పన్న తలపుకొస్తాడు, మూలం విశాఖ వైపు అని ఊహించవచ్చు. నాయుడు, రెడ్డి అలాగే నిలబడ్డాయి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా స్పెల్లింగు: అక్కడి పేరున్న వ్యాపారి వై.పి. రెడ్డి పూర్తి పేరు యాంక్‌టేశ్ పెర్మల్. అందులో మన వేంకటేశుడు, పెరుమాళ్లు ఇద్దరూ ఉన్నారు.

నిప్పుల గుండం తొక్కుతారట కదా, మన దగ్గరలాగేనా?

చాలావరకు మన దగ్గరలాగే. సువాలోని హోవెల్ రోడ్ మహాదేవి గుడిలో జరిగేది పేరున్నది, జూలై–ఆగస్టుల్లో. మారెమ్మ గుళ్లు వేరే ఊళ్లలోనూ ఉన్నాయి. తొక్కేవాళ్లు పది రోజులు గుడిలోనే ఉండి, మాంసం, మందు, సంసారం అన్నీ మాని నిష్ఠగా ఉంటారు. చివరి రోజు నీళ్లలో స్నానం, పసుపు బట్టలు, ఒళ్లంతా పసుపు, కొందరి బుగ్గల్లో శూలాలు. డప్పుల మధ్య ఊరేగింపుగా వచ్చి నిప్పుల మీద నడుస్తారు. నేను చూసినరోజు వరసలో ఒక ఫిజియన్ యువకుడు కూడా ఉన్నాడు. గుంట దాటాక ఒక పెద్దావిడ అతని పాదాల మీద పసుపునీళ్లు పోసి, కళ్లు తుడుచుకుంది.

స్థానిక ఫిజియన్లు కూడా నిప్పుల మీద నడుస్తారట. మననుంచి నేర్చుకున్నారా?

కాదు. మనవాళ్లు రాకముందు నుంచే బెంగా దీవిలోని సావు తెగ వాళ్లకి ఆ ఆచారం ఉంది. దాన్ని 'విలావిలాయ్‌రేవో' అంటారు. మనవాళ్లు బొగ్గుల మీద నడిస్తే వాళ్లు గుంటలో ఎర్రగా కాల్చిన రాళ్ల మీద నడుస్తారు. వాళ్ల పూర్వీకుడొకడు వాగులో ఈల్ చేపను పట్టబోతే ఒక దేవత చిక్కిందని, వదిలేసినందుకు నిప్పు మీద అధికారం ఇచ్చిందని కథ. సముద్రానికి ఇటూ అటూ పుట్టిన రెండు ఆచారాలు ఒకే దేశంలో పక్కపక్కన ఉన్నాయి.

అక్కడ మన తిండి దొరుకుతుందా?

పప్పు, కూర, పచ్చడి, రొట్టె ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. అక్కడి దాలో అంటే మన చేమదుంప జాతిది, తవియోకా అంటే కర్రపెండలం. చేమ ఆకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించే 'పలుసామి' తింటే కోనసీమ వాళ్లు ఇంటికి వెళ్లినట్టే. గోంగూర కోసం మాత్రం నేను చాలా తిరిగాను.

## ఇరుగుపొరుగు

స్థానికులకి, మనవాళ్లకి గొడవలంటారు. నిజమా?

రాజకీయంగా పెద్ద గాయాలే అయ్యాయి. 1987 మే 14న సైన్యాధికారి రబుకా ప్రభుత్వాన్ని కూలదోశాడు. 1879లో మొదటి కూలీ ఓడ 'లియోనిడాస్' ఫిజీ చేరింది కూడా మే 14నే. 2000లో తొలి భారత సంతతి ప్రధాని మహేంద్ర చౌదరిని 56 రోజులు బందీగా పెట్టారు. 2006లో ఇంకో సైనిక తిరుగుబాటు. ప్రతిసారీ వేల కుటుంబాలు దేశం వదిలాయి. ఒకప్పుడు జనాభాలో సగం ఉన్నవాళ్లు 2007 లెక్కలకి 37 శాతానికి వచ్చారు.

ఇంకో వైపు కూడా ఉంది. అప్పటి ప్రతిపక్ష నేత జై రాం రెడ్డి, అదే రబుకాతో కూర్చుని 1997 రాజ్యాంగాన్ని సాధించారు, ఫిజియన్ పెద్దల మహాసభలో మాట్లాడిన తొలి భారత సంతతి నాయకుడయ్యారు. 2023 మేలో, మళ్లీ ప్రధాని అయిన రబుకా 1987 తప్పుకు క్షమాపణ చెప్పారు. అదే ఏడాది నుంచి గిర్మిట్ దినానికి సెలవు ఇచ్చారు. నిత్యజీవితంలో నేను చూసింది మాత్రం ఒకరి పొలంలో ఒకరు పనిచేయడం, ఒకరి చావుకి ఒకరు చాపలు, బియ్యం మోసుకెళ్లడం.

కావా అంటే సారా లాంటిదా? తాగొచ్చా?

సారా కాదు, పులియబెట్టరు. మిరియాల కుటుంబానికి చెందిన మొక్క వేరును దంచి నీళ్లలో పిండుతారు. స్థానికుల మాటలో 'యంగోనా', మనవాళ్ల మాటలో 'గ్రోగ్'. రుచి మట్టినీళ్లలా ఉంటుంది, నాలుక మొద్దుబారుతుంది, మనసు నెమ్మదిస్తుంది. 'తనోవా' అనే కొయ్య గిన్నె చుట్టూ నేల మీద కూర్చుంటారు. చిప్ప మీ దగ్గరికి వస్తే ఒకసారి చప్పట్లు కొట్టి, 'బులా' అని ఒక్క గుక్కలో తాగి, మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. ఫిజియన్ ఊరికి వెళ్తే ఆ వేర్ల కట్టను ఊరిపెద్దకి ఇచ్చి అనుమతి అడగాలి, దాన్ని 'సేవుసేవు' అంటారు. ఊళ్లో టోపీ పెట్టుకోకూడదు, ఎవరి తలా ముట్టుకోకూడదు. పెద్దల ఇంటికి పళ్లు పట్టుకెళ్లే మనకి ఇది కొత్త కాదు.

వాళ్లను ఇండియన్లు అనాలా, ఫిజియన్లు అనాలా?

పౌరులందరూ ఇప్పుడు చట్టప్రకారం ఫిజియన్లే, స్థానికులను 'ఇటౌకేయి' అంటారు. 'మీరు ఇండియన్లే కదా' అని భుజం తట్టకండి. "మా దేశం ఇదే" అని మెల్లగా అంటారు, నొచ్చుకుంటారు.

## మూలాలు వెతకడం

మా ముత్తాత తమ్ముడు ఫిజీ వెళ్లాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆచూకీ దొరుకుతుందా?

దొరికే అవకాశం ఉంది. ప్రతి కూలీకి ఒక ఎమిగ్రేషన్ పాస్ ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు, ఓడ పేరు అందులో ఉంటాయి. ఇవి సువాలోని ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ దగ్గర ఉండాల్సింది పేరు, తండ్రి పేరు, ఊరు, వెళ్లిన కాలం. మద్రాసు రేవు అయితే 1903 నుంచి 1916 మధ్యే.

జిల్లా దగ్గర జాగ్రత్త. అప్పటి సరిహద్దులు వేరు. చిత్తూరు జిల్లా 1911లో వచ్చింది, అంతకుముందు పాసుల్లో ఆ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు అని ఉంటుంది. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలో ఉంది. గుంటూరు 1904 దాకా విడి జిల్లా కాదు. విజయనగరం విశాఖపట్నం కింద ఉంటుంది. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో గుర్తుపట్టలేనంతగా మారుతుంది. గట్టిగా పైకి చదవండి. చాలాసార్లు కంటికి దొరకనిది చెవికి దొరుకుతుంది.

ఫిజీ నుంచి ఒక కుటుంబం మా ఊరు వెతుక్కుంటూ వస్తోంది. నేనేం చేయగలను?

బంధువులను కచ్చితంగా చూపిస్తామని మాట ఇవ్వకండి. వందేళ్లు దాటింది, ఇంటిపేరు తెలియదు, చాలాసార్లు దొరకరు. వాళ్లకి తెలుగు రాదని ముందే ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. "తెలుగు రాని తెలుగువాళ్లేంటి" అన్న మాట వాళ్ల ముందు పడకుండా చూడండి. హిందీ వచ్చిన ఒకరిని తోడు పెట్టండి. ఊళ్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గరికి, గ్రామదేవత గుడికి, పాత బావి లేదా చెరువు దగ్గరికి తీసుకెళ్లండి. అవి ఆ రోజుల్లోనూ ఉండి ఉంటాయి.

నేను అలా ఒక కుటుంబంతో విజయనగరం వైపు ఒక ఊరికి వెళ్లాను. బంధువులు దొరకలేదు. ఆ ఇంటావిడ అమ్మోరి గుడి ముందు చాలాసేపు నిలబడి, బ్యాగులోంచి చిన్న సీసా తీసింది. అందులో బాలో వాళ్ల చెరకు పొలం మట్టి. గుడి పక్కన వేపచెట్టు మొదట్లో పోసి, అదే సీసాలో ఇక్కడి మట్టి నింపుకుంది. పూజారి ఏమీ అడగకుండా ఆమె నుదుటన బొట్టు పెట్టాడు.